నాలుగు రోజులు ఆలస్యమైన పటం

మండపేటలో రైసుమిల్లు కార్మికులు పెట్టుకున్న సభలో ఉన్నాను. ధాన్యం ఆరబోసే గచ్చు మీదే షామియానా వేశారు. పగలు పదకొండు గంటలు. ఆ రోజు నేను మరణం గురించే మాట్లాడుతున్నాను. "అది కబురు పెట్టి రాదు సోదరులారా, తలుపు తట్టి రాదు" అని గొంతు పెంచిన సమయానికి మిల్లు మేస్త్రి లేచి వచ్చి తన సెల్‌ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. ఉపన్యాసం మధ్యలో నన్ను ఆపిన మనిషి అంతకుముందు లేడు. అవతల పెద్దాపురం నుంచి మా బావమరిది.

"బావా, పటాల షాపు ఉస్తాద్ గారు పోయారు."

"ఎక్కడికి పోయారు?" అన్నాను.

నిజంగా అలాగే అడిగాను. రెండో చేతిలో మైకు ఉంది. నా ప్రశ్న గచ్చు మీద కూర్చున్న అందరికీ వినిపించింది. ముందు వరసలో ఒక పెద్దాయన తల దించుకున్నాడు. ఆయనకి అర్థమైంది. నాకే కాలేదు. ఏళ్ళ తరబడి చావు గురించి అరిచి చెప్పినవాణ్ణి, ఆ ఒక్క కబురు ముందు నోరు తెరిచి నిలబడిపోయాను.

పెద్దాపురం చేరేసరికి షాపు తలుపులు తీసే ఉన్నాయి. బల్ల మీద పెద్ద అద్దం పలక. దాని మీద అద్దం కోసే డైమండుతో గీసిన గీత, ఈ చివర నుంచి ఆ చివరికి, తిన్నగా. గీత పూర్తయింది. ఇక రెండు చేతులతో పట్టుకుని నొక్కితే పలక రెండుగా విడిపోతుంది. ఆ నొక్కేలోపు ఆయన స్టూలు మీద నుంచి పక్కకి ఒరిగిపోయారట. గుండె అన్నారు. ముందు రోజు సాయంత్రమే నాకు టీ పోయించారు. దగ్గు లేదు, నొప్పి లేదు, డాక్టరు చీటీ లేదు. మధ్యాహ్నపు ప్రార్థన అయ్యాక మట్టి ఇచ్చాం. ఎవరి సమాధి దగ్గరైనా నాలుగు మాటలు చెప్పేది నేనే కాబట్టి అందరూ నా వైపు చూశారు. నేను ఇంకో పిడికెడు మట్టి వేసి పక్కకి తప్పుకున్నాను.

నా ఉపన్యాసాలు విన్నవాళ్ళు ఈ రెండు జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఇది మీ కోసమే రాస్తున్నాను. మీలో కొందరు ఒకనాడు మా పేట మసీదులో నేను చేసిన ఒక పని కళ్ళారా చూశారు. ఆ పని ఎలాంటిదో నాకు ఆయన పోయిన మూడో రోజున తెలిసింది. ఆ దెబ్బ నుంచి నేను ఇంకా తేరుకోలేదు. ముందు ఆయన ఎవరో చెప్పి, తర్వాత అదేమిటో చెబుతాను.

ఆయన అరబ్బీ అక్షరాలు రాసే మనిషి. తండ్రి దగ్గర నేర్చుకున్నారు, ఆ తండ్రి తన తండ్రి దగ్గర. సమాధి రాళ్ళకి, నిఖా పత్రాలకి, గుమ్మాల మీది పలకలకి ఈ చుట్టుపక్కల రాత అంటే ఆయనదే. కానీ రాతతో ఇల్లు గడవదు కాబట్టి పటాలు కట్టే షాపు పెట్టుకున్నారు. పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు, దేవుళ్ళ పటాలు, అన్నీ కట్టేవారు. ఊరంతా ఆయన్ని ఉస్తాద్ గారనేది. మా వాళ్ళలో విద్య చేతిలో ఉన్న మనిషిని అలా పిలుస్తాం.

కలం బజారులో కొనేవారు కాదు. ఏలేరు గట్టుకి వెళ్ళి, కాలవ పక్కన పెరిగే కిక్కిస గడ్డి కాడలు కోసుకొచ్చి, ఏడాది పాటు చూరులో పెట్టి ఆరనిచ్చి, ముక్కు చెక్కుకునేవారు. సిరాకి దీపపు మసి, తుమ్మ జిగురు. తెల్లవారు ప్రార్థన అయ్యాక, షాపు తెరిచేలోపు, చాప మీద కూర్చుని ఒక్కటే అక్షరం రాసేవారు. అలిఫ్. నిటారుగా ఒక గీత, అంతే. పాత పేపరు మీద అదే గీత, మళ్ళీ మళ్ళీ. అరవై దాటిన మనిషి, మొదటి అక్షరం దగ్గరే రోజూ మొదలు!

నా సంగతి మీకు తెలుసు. మా నాన్న దూది ఏకేవాడు. నేను పరుపులు కుడతాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. పదో తరగతి తప్పాను. దైవగ్రంథాన్ని తెలుగు అనువాదంలో చదివి, అరబ్బీ వాక్యాలు విని బట్టీ పట్టి, ఎవరూ చెప్పకుండానే వేదిక ఎక్కాను. అరబ్బీ అక్షరం ముక్క రాదు, ఆవేశం మాత్రం నిండా ఉంది. ఆయన షాపులో మొదటిసారి అడుగుపెట్టింది కూడా ఆవేశంతోనే. ఆషాఢ మాసం, మరిడమ్మ జాతర రోజులు. గోడలకి ఆనించి వరసగా అమ్మవారి పటాలు.

"ఉస్తాద్ గారూ, వాక్యం రాసే చేత్తోనే ఈ పటాలు కడతారా? రేపు పైవాడికి జవాబు చెప్పుకోవాలి కదండీ!" అని గుమ్మంలోంచే అరిచాను.

ఆయన నోట్లో చిన్న మేకులు ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టి, అప్పుడు మాట్లాడారు.

"నేను కట్టేది చెక్కా అద్దమూ బాబూ. లోపల ఎవరున్నారన్నది తెచ్చుకున్నోళ్ళ భక్తి. దానికి జవాబు వాళ్ళు చెప్పుకుంటారు. నా అద్దం ఊడి పడితే మాత్రం నన్నే అడుగుతారు."

"అది జవాబు కాదండి."

"కాదు. టీ తాగుతారా?"

టీ తాగాను. అదే మా పరిచయం.

ఇప్పుడు మా ఇంట్లోని ఒక పటం గురించి చెప్పాలి. మా అక్క కువైట్‌లో ఒక ఇంట్లో పని చేసేది. తొంభైల్లో మా వైపు నుంచి ఎందరో ఆడవాళ్ళు అలా వెళ్ళారు. మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు సూట్‌కేసు అడుగున పరిచి ఒక అట్ట తెచ్చింది. పచ్చ రంగు అట్ట, దాని మీద బంగారు రంగులో మూడు వరసల అరబ్బీ అక్షరాలు, చుట్టూ పూల అంచు.

"ఆ ఇంట్లో చెత్తబుట్టలో పడేశారు తమ్ముడూ. నా ప్రాణం ఒప్పలేదు. తీసి తుడిచి కళ్ళకద్దుకుంటుంటే ఆ ఇంటి అమ్మగారు పగలబడి నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు తెలీదు. వాక్యాన్ని చెత్తలో పడేసి నవ్వుతారా ఎవరన్నా?" అంది.

అప్పటికి నాకు ఉస్తాద్ గారితో పరిచయం లేదు. సామర్లకోటలో పటం కట్టించి నడింట్లో తూర్పు గోడకి తగిలించాను. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు దాని ముందు తల వంచేవాణ్ణి. ఉపన్యాసానికి బయల్దేరే ముందు దాన్ని తాకి వెళ్ళేవాణ్ణి.

ఒకరోజు మేకు ఊడి పటం కింద పడింది. అద్దం పగిలింది. ఉస్తాద్ గారి షాపుకి తీసుకెళ్ళాను. ఆయన పగిలిన ముక్కలు తీసి, అట్టని వెలుగులోకి పట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఇది ఎక్కడిది బాబూ?"

"అరబ్బు దేశం నుంచి అక్క తెచ్చిందండి. దీని ముందు తల వంచందే నేను గడప దాటను."

"వదిలి వెళ్ళండి" అన్నారు.

మర్నాడు వెళ్తే, "అవ్వలేదు బాబూ, పని ఉంది" అన్నారు. మూడో రోజు, "అద్దం బిగించడానికి ఎంత పనండి?" అంటే, "చిన్న పని కాదు బాబూ" అన్నారు. నాలుగో రోజు నేను ఊరుకోలేదు. వీధిలో జనం ఆగి చూసేలా అరిచాను.

"జాతర పటాలు చకచకా కట్టేస్తారు. దైవవాక్యానికి మాత్రం మీకు చెయ్యి రాదు! నాలుగు రోజుల నుంచి మా ఇంట్లో గోడ బోసిగా ఉందండీ!"

ఆయన చేతులు బల్ల మీద ఉన్నాయి. గోళ్ళ సందుల్లో పచ్చ రంగు ఉంది. చూశాను. ఎందుకని అడగలేదు.

"రేపు పొద్దున్నే రండి. తుపాను తీరం దాటేలోపు ఇచ్చేస్తాను" అన్నారు నవ్వుతూ.

ఆ రోజు నుంచి ఆయనకి నేను తుపాను గారిని.

పటం తెచ్చి తగిలించాక అక్షరాలు ఇంకా నిగనిగలాడుతున్నట్టు అనిపించింది. ఆయనతో అదే మాటంటే, "అద్దం కొత్తది కదండీ" అన్నారు. మా అమ్మ మాత్రం చీరచెంగుతో తుడుస్తూ ఆగిపోయింది. "ఒరే, ఈ అంచు మీద పువ్వు ఇదివరకు అటు తిరిగి ఉండేది కదరా?" అంది. "కళ్ళజోడు మార్పించుకో అమ్మా" అని విసుక్కున్నాను.

పటం తీసుకున్న పొద్దునే ఆయన అడిగారు, అక్షరాలు నేర్చుకుంటారా అని. సిగ్గుపడ్డాను. ముప్పై దాటిన వేదిక మనిషిని, చిన్నపిల్లల్లా చాప మీద కూర్చోవాలా? "తెల్లారక ముందే రండి. ఎవరూ చూడరు" అన్నారు. వెళ్ళాను. నా చేతిలో కిక్కిస కలం పెట్టారు. గీత గీయమన్నారు. నేను మాట్లాడుతూ గీశాను, వంకర పోయింది.

"ఊపిరి బిగపట్టి గీయాలి బాబూ. అలిఫ్ గీస్తూ మాట్లాడలేరు. ప్రయత్నం చేసి చూడండి, ఎవరివల్లా కాదు."

నెల రోజులు వంకర గీతలే. ఒకరోజు కలం విసిరేశాను. ఆయన తెచ్చి మళ్ళీ నా చేతిలో పెట్టి, "మీకు అరవడం వచ్చింది, నిలబడ్డం రాలేదు. ఇది నిలబడే అక్షరం" అన్నారు. ఆ మాటకి ఆ రోజు కోపమొచ్చింది. తర్వాత ఎన్ని వేదికల మీద నా సొంత మాటలా వాడుకున్నానో!

ఏడాది తిరగకుండానే ఒక పొద్దున నడింట్లో చద్దన్నం తింటూ తల ఎత్తాను. గోడ మీది పటంలో అక్షరాలు విడివిడిగా కనిపించాయి. ఖాఫ్. లామ్. మీమ్. కలం! చెయ్యి కడుక్కోకుండా లేచాను. పటం దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చదివాను. నాకు కంఠతా వచ్చిన వాక్యమే అది. కలం ద్వారా నేర్పిన ప్రభువు గురించి, మనిషికి తెలియనిది నేర్పడం గురించి. జీవితంలో నా కళ్ళతో నేను అరబ్బీలో చదివిన మొదటి వాక్యం. ఏడుస్తూ సైకిలెక్కాను.

"ఉస్తాద్ గారూ, నా పటం చదివానండీ! అది వాక్యమేనండీ! నేను అనుకున్నట్టే వాక్యమేనండీ!"

ఆయన చేస్తున్న పని ఆపారు.

"మీరు అనుకున్నారు కాబట్టే అయ్యింది బాబూ" అన్నారు.

భక్తి గురించి ఏదో పెద్ద మాట చెప్పారనుకున్నాను. ఆయన అటు తిరిగి, అప్పటికే తళతళలాడుతున్న అద్దాన్ని మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు.

షాపు వెనక మేకుకి ఒక తెల్ల గుడ్డ సంచి వేలాడుతుండేది. ఎవరికైనా వీధిలో అరబ్బీ అక్షరాలున్న కాగితం దొరికితే తొక్కుడు పడకూడదని తెచ్చి ఆయనకిచ్చేవారు. ఏడాదికోసారి, ఎర్రనీరు వచ్చే రోజుల్లో, ఆయన రాజమండ్రి వెళ్ళి ఆ సంచి గోదావరిలో కలిపేవారు. కువైట్, దుబాయ్ సరుకులు రావడం మొదలయ్యాక ఆ సంచిలోకి ఏవేవో చేరేవి. ఒకరోజు ఒక ముసలావిడ ఒక డబ్బాని రెండు చేతులతో తెచ్చి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో అందుకున్నారు. అప్పటికి నాకు చదవడం వచ్చు. ఆవిడ మెట్టు దిగగానే పగలబడి నవ్వాను.

"ఉస్తాద్ గారూ, ఇది సబ్బు పెట్టె!"

"మెల్లిగా అనండి. ఆవిడింకా వీధి దాటలేదు" అన్నారు.

నేను మెల్లిగా అనలేదు. ఆ సబ్బు పెట్టెని వేదిక ఎక్కించాను. మండపేటలో, సామర్లకోటలో, ఎక్కడ మాట్లాడినా, "సబ్బు పెట్టెకి ముద్దు పెట్టే సమాజమా!" అని మొదలుపెట్టేవాణ్ణి. చదువుకోండి, అక్షరం నేర్చుకోండి అని చెప్పడానికే అనేవాణ్ణి. జనం నవ్వేవారు. ఆ నవ్వు నాకు బాగుండేది.

ఇక మీలో కొందరు చూసిన ఆ పని.

మా పేట పాత మసీదు పడగొట్టి శ్లాబు వేసి కొత్తది కట్టారు. పాతదానిలో, ఇమాము నిలబడే కమాను మీద ఉస్తాద్ గారి తాత రాసిన వాక్యం ఉండేది, సున్నం గోడ మీద మసి సిరాతో. గోడ పడగొట్టిన రోజు ఆయన కూలీల మధ్య తిరుగుతూ రాత ఉన్న పెచ్చులన్నీ గోనెసంచిలోకి ఏరుకున్నారు. ఒక పెచ్చు మాత్రం షాపులో ఉంచుకున్నారు, ఏదో అక్షరం తోక దాని మీద. జీవితంలో ఆయన అడిగిన కోరిక ఒక్కటే నాకు తెలుసు. "కొత్త కమాను మీద నేను రాస్తాను. డబ్బులొద్దు. తాత రాత నేల మీద పడింది. దాని చోట ఇంకోటి నిలబెట్టి వెళ్ళాలి." కమిటీ సరేననే అంది. ఆయన ఆర్నెల్లు కొలతలు వేసుకున్నారు. కమానంత పొడుగు కాగితాలు అతికించి షాపు నేల మీద పరిచి రాసుకున్నారు.

అప్పుడు ఎవరో బొంబాయి నుంచి అచ్చు వేసిన టైల్సు వస్తాయన్నారు. కమిటీ అధ్యక్షుడు గారు అందరినీ పిలిచి అభిప్రాయం అడిగారు. నేను లేచాను. లేవడమే కాదు, మా ఇంటి పటం చంకలో పెట్టుకుని మరీ వెళ్ళాను. దాన్ని రెండు చేతులతో పైకెత్తాను.

"చూడండి! సబ్బు పెట్టెకి ముద్దులు పెట్టే అజ్ఞానం ఒక పక్క! ఏలేరు గట్టు మీద గడ్డి కోసుకొచ్చి గీసే గీతలు ఒక పక్క! ఇదిగో, ఇది రాత! ప్రవక్త నడిచిన ఎడారి గాలి తగిలిన రాత! ఈ అలిఫ్ చూడండి, ఎలా నిలబడిందో! మన కమానుకి ఇలాంటిది కావాలా, మన చేతిగీతలు కావాలా?"

గురువుని. నాకు అక్షరం నేర్పిన గురువుని. ఆయన మూడో వరసలో కూర్చుని ఉన్నారు.

"ఉస్తాద్ గారూ, మీరేమంటారు?" అని అధ్యక్షుడు గారు అడిగారు.

ఆయన లేచి నా చేతుల్లోని పటాన్ని చూశారు. "ఆ పటం గురించి నేను మాట్లాడకూడదండి. టైల్సే వేయించండి" అని కూర్చున్నారు.

మర్నాడు తెల్లవారుజామున వెళ్ళాలా వద్దా అనుకుంటూనే వెళ్ళాను. చాప పరిచి ఉంది. నా కలం చెక్కి పెట్టి ఉంది.

"రండి తుపాను గారూ. నిన్న తీరం దాటేశారు. పెద్ద నష్టమేం లేదు, చెట్టొకటి పడింది."

"మనసులో పెట్టుకోకండి ఉస్తాద్ గారూ, ధర్మం కోసం..."

"కూర్చోండి. అలిఫ్ గీయండి."

అంతే. తర్వాత ఏడేళ్ళు ఆ ఊసు ఎత్తలేదు. ఆ పొడుగు కాగితాలు ఏమయ్యాయో నేను అడగలేదు. ఆయన మళ్ళీ గోడ మీద రాయలేదు. సమాధి రాళ్ళకే రాశారు.

ఆయన పోయిన మూడో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. గుడ్డ సంచి గోదావరిలో కలిపే పని నేను చేస్తానని చెప్పడానికి. ఆయన ఇల్లాలు, భర్త పోయాక పరాయి మగవాళ్ళ ఎదుటికి రాని గడువు పాటిస్తున్నారు, గది గుమ్మానికి తెర వేసి లోపల కూర్చున్నారు. తెర కింద నుంచి సంచి ఇవతలికి జరిపారు. తర్వాత తెల్లగుడ్డలో చుట్టిన ఇంకొకటి జరిపారు.

"సంచిలోది కలిపెయ్యండి బాబూ. ఇది మాత్రం కలపకండి."

"ఇదేంటమ్మా?"

"మీదేనండి."

గుడ్డ విప్పాను. పచ్చ అట్ట. బంగారు అక్షరాలు. మూడు వరసలు. చుట్టూ పూల అంచు. ఒక మూల అద్దం పెంకు గీసుకున్న గీత. నేను మా ఇంటి నుంచే వస్తున్నాను. మా పటం గోడకే ఉంది, పొద్దున తాకి వచ్చాను. మరి ఇదేమిటి?

"దుప్పటి అట్టండి అది. కొత్త దుప్పటి సంచిలో పెడతారంటకదా, అలాంటిది. చన్నీళ్ళలో ఉతకాలి, ఇస్త్రీ పెట్టకూడదు అని రాసుందంట."

చదివాను. చదవడం, మాటలకి అర్థాలు ఆయనే నేర్పారు కదా! అచ్చంగా అదే ఉంది.

"నాలుగు రోజులు షాపులో తిండి తినలేదు ఆయన. అదే రంగు, అదే అంచు, అదే మూడు వరసలు. ఎక్కడా తేడా రాకూడదని చింపేసి మళ్ళీ మళ్ళీ రాశారు. మీరొచ్చి కేకలేసి వెళ్ళిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. 'ఇది దుప్పటి అట్టని చెప్పేస్తే పోద్ది కదా' అన్నాను. 'చెప్తే ఆ కుర్రోడు మళ్ళీ వేదికెక్కడు. ముందు ఇది మార్చి, అప్పుడు అక్షరాలు నేర్పుతాను. నేర్చుకున్నాక తన ఇంట్లో మొదట చదివేది వాక్యమే అవ్వాలి' అన్నారు."

తెర అవతల ఆవిడ గొంతు మారింది.

"మసీదులో మీటింగు రోజున వచ్చి అన్నం తిన్నారు. మామూలుగానే తిన్నారు బాబూ. నేనే తినలేకపోయాను. 'మీ రాతే ఎత్తి పట్టుకుని మీ రాత వద్దన్నాడు, ఒక్క మాట అనకపోయారా' అని ఏడ్చాను. 'ఏమని అంటాను? నా రాత గోడెక్కుద్ది, వాడు తలెత్తలేడు. ఈ చుట్టుపక్కల చదువుకోండని అరిచేవాడు వాడొక్కడే' అన్నారు. ఆయన బతికుండగా మీకు చెప్పొద్దన్నారు. పోయాక చెప్పొద్దని అనలేదు. అందుకే చెప్తున్నాను. నా కోపం ఇంకా పోలేదు."

"పోకూడదమ్మా" అన్నాను. తర్వాత ఒకటి అడిగాను. వాక్యం కానిదాన్ని ఇన్నేళ్ళు గుడ్డ చుట్టి ఎందుకు దాచారని.

"నేనూ అడిగాను. 'ఒక మనిషి దీని ముందు తల వంచాడు. ఇది చెత్తలో పడితే ఆ వంచిన తల కూడా చెత్తలో పడ్డట్టే' అన్నారు."

సాటి మనిషి లోపాన్ని కప్పినవాడి లోపాన్ని తీర్పు రోజున ప్రభువు కప్పుతాడని ఎన్ని ఊళ్ళలో చెప్పాను! మైకులు పగిలేలా చెప్పాను. ఆ మాట చేసి చూపించిన మనిషి మూడో వరసలో కూర్చుని ఉంటే, వేలెత్తి చూపించి ఓడించాను. ఇంటికెళ్ళి పటం దించి వెనక చెక్క ఊడదీశాను. లోపల ఆయన సంతకం లేదు. పెన్సిలుతో గీసిన సన్నని గీతలున్నాయి. ఒక మూల పచ్చరంగు బొటనవేలి ముద్ర ఉంది.

మొన్న శుక్రవారం ప్రార్థన అయ్యాక ఎవరినీ వెళ్ళొద్దని అడిగాను. ఆ మీటింగు రోజున నిలబడిన చోటే నిలబడ్డాను. కుడిచేత్తో పటం, ఎడంచేత్తో అట్ట. జరిగింది జరిగినట్టు చెప్పాను. "సబ్బు పెట్టె మనుషులని మిమ్మల్ని వెక్కిరించాను. మీలో మొదటివాణ్ణి నేనే" అన్నాను. అధ్యక్షుడు గారు లేచి వచ్చి కళ్ళజోడు పెట్టుకుని పటం మీదికి వంగారు. "ఇది ఆయన చేతిదా?" అన్నారు. తర్వాత తలెత్తి కమాను మీది టైల్సు వైపు చూశారు. ఎండ పడి మెరుస్తున్నాయి. నా ఎడంచెయ్యి కిందికి జారిపోయింది.

మా పేటలో రెండు చెవులూ వినపడని తాత ఒకాయన ఉన్నాడు. వారం వారం ఆలస్యంగా వచ్చి గుమ్మం పక్కనే కూర్చుంటాడు. నేను చెప్పిందొక్కటీ ఆయనకి చేరలేదు. కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. అట్ట నేలకి దగ్గరగా వేలాడటం చూశాడు.

"ఏంటయ్యా అంత కిందకి పట్టుకున్నావు? కాలు తగులుద్ది!" అని గట్టిగా కసిరి, నా చేతిలోంచి లాక్కున్నాడు.

భుజం మీది తువ్వాలుతో అట్ట తుడిచాడు. కుడికన్నుకి అద్దుకున్నాడు. ఎడమకన్నుకి అద్దుకున్నాడు. వెనక నుంచి ఎవరో నవ్వు ఆపుకోలేక, "తాతా, అది..." అన్నారు.

చెయ్యెత్తి ఆపాను. నా నాలిక చివరిదాకా వచ్చిన మాటని కూడా ఆపాను. అలిఫ్ గీసేటప్పటిలా ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. తాత కళ్ళు మూసుకునే ఉన్నాడు. పచ్చ అట్ట అంచు ఆయన నుదుటికి ఆని ఉంది, పెదవులు నెమ్మదిగా కదులుతున్నాయి.